ఆసియా–పసిఫిక్ ర్యాలీ: విజేతలు మనవారే, దారి ఎవరిది?

శ్రీ విజయపురంలోని లంబాలైన్ నుంచి విశాఖపట్నం తీరానికి సముద్రం మీదుగా సుమారు 1,200 కిలోమీటర్లు. అదే ద్వీప సమూహపు దక్షిణ కొస ఇందిరా పాయింట్ నుంచి ఇండోనేషియాలోని సుమత్రా ఉత్తర కొసకు సుమారు 150 కిలోమీటర్లే. ఆ సుమత్రాలోని మేడాన్ నగరం కేంద్రంగా 1996, 1997 సంవత్సరాల్లో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ పోటీలు జరిగాయి. రెండుసార్లూ స్పెయిన్ డ్రైవర్ కార్లోస్ సైన్జ్ గెలిచాడు. ఇటీవలి కాలంలో అదే ద్వీపంలోని తోబా సరస్సు పరిసరాలు ఆసియా–పసిఫిక్ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌కు వేదికయ్యాయి. భౌగోళికంగా చూస్తే భారతదేశం ఈ పోటీల పటానికి అంచున లేదు, నడుమనే ఉంది.

విజేతల జాబితాలోనూ భారత్ స్థానం చిన్నది కాదు. ఢిల్లీకి చెందిన గౌరవ్ గిల్ 2013, 2016, 2017 సంవత్సరాల్లో ఈ ఛాంపియన్‌షిప్‌ను గెలుచుకున్నాడు. చెన్నై కేంద్రంగా ఉన్న టైర్ల సంస్థ ఎంఆర్‌ఎఫ్ జట్టు డ్రైవర్లు 2012 నుంచి 2017 వరకు వరుసగా ఆరు టైటిళ్లు గెలిచారు. అయినా కొత్త సీజన్ క్యాలెండర్ వెలువడిన ప్రతిసారీ భారత్ ముందు ఒకే ప్రశ్న నిలుస్తోంది. కారు ఉంది, టైరు ఉంది, డ్రైవర్ ఉన్నాడు. అంతర్జాతీయ పోటీని ఏటా తడబాటు లేకుండా నిర్వహించగల దారి ఎక్కడ ఉంది? ఈ ప్రశ్న క్రీడా పాలకులకు మాత్రమే సంబంధించినది కాదు. ఆ దారి పక్కన నివసించే వారి ప్రాణాలకూ, వారి సమ్మతికీ సంబంధించినది.

ప్రాంతీయ ఛాంపియన్‌షిప్ అంటే...

అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఎఫ్‌ఐఏ పర్యవేక్షణలో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ 1973 నుంచి జరుగుతోంది. దానికి దిగువ అంచెలో ఖండాలవారీగా ప్రాంతీయ ఛాంపియన్‌షిప్‌లు ఉన్నాయి. వీటిలో ఐరోపా పోటీ 1953 నాటిది. వయసులో ప్రపంచ పోటీకన్నా పెద్దది. ఆఫ్రికా పోటీ 1981లో, పశ్చిమాసియా పోటీ 1984లో, ఆసియా–పసిఫిక్ పోటీ 1988లో మొదలయ్యాయి. ఆసియా–పసిఫిక్ తొలి విజేత జపాన్‌కు చెందిన కెంజిరో షినోజుకా. 1990లో కార్లోస్ సైన్జ్, ఆ తర్వాత న్యూజిలాండ్‌కు చెందిన పాసమ్ బోర్న్, స్వీడన్‌కు చెందిన కెన్నెత్ ఎరిక్సన్ వంటివారు ఈ పట్టికకెక్కారు. మలేషియాకు చెందిన కరంజిత్ సింగ్ 2001, 2002, 2004లో విజేతగా నిలిచాడు.

సర్క్యూట్ పోటీకీ ర్యాలీకీ మౌలికమైన తేడా ఉంది. సర్క్యూట్‌లో కార్లన్నీ ఒకేసారి బయలుదేరి, కంచె వేసిన ఒకే ట్రాక్‌పై తిరుగుతాయి. ర్యాలీలో ఒక్కో కారు నిమిషం, రెండు నిమిషాల తేడాతో బయలుదేరుతుంది. పోటీ గడియారంతోనే. మూసివేసిన దారి మీద కాలాన్ని కొలిచే భాగాన్ని ప్రత్యేక స్టేజీ అంటారు. ఒక స్టేజీ నుంచి మరో స్టేజీకి వెళ్లేటప్పుడు అవే కార్లు మామూలు రహదారులపై, మామూలు ట్రాఫిక్ నిబంధనలకు లోబడి సాగాలి. డ్రైవర్ పక్కన కూర్చున్న కో-డ్రైవర్ ముందుగా రాసుకున్న పేస్ నోట్స్ చదువుతూ, రాబోయే మలుపు ఎంత పదునైనదో, ఎత్తు ఎక్కడ విరుగుతుందో చెబుతుంటాడు. కంటికి కనబడని మలుపును మాట మీద నమ్మి వేగంగా దాటడమే ఈ క్రీడలోని సాహసం.

ఆ నమ్మకానికి ఆధారం ఒక్కటే: దారి మీద మరెవరూ ఉండరన్న భరోసా. పేస్ నోట్స్‌లో మలుపు ఉంటుంది, రాయి ఉంటుంది, గుంట ఉంటుంది. బడి నుంచి ఇంటికి వస్తున్న పిల్లవాడు ఉండడు. పొలం నుంచి తిరిగి వస్తున్న బైకు ఉండదు. అందుకే ర్యాలీలో నైపుణ్యమంతా డ్రైవర్ చేతుల్లో ఉన్నట్టు కనిపించినా, ప్రాణాలన్నీ దారి మూసిన వారి చేతుల్లోనే ఉంటాయి.

ఆరేళ్ల ఆధిపత్యం

2012 సీజన్‌లో ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్ అట్కిన్సన్ ఎంఆర్‌ఎఫ్ జట్టు తరఫున స్కోడా ఫాబియా కారుతో టైటిల్ గెలిచాడు. మరుసటి ఏడాది గౌరవ్ గిల్ ఆ ఘనత సాధించి, ఈ ఛాంపియన్‌షిప్ గెలిచిన తొలి భారతీయుడయ్యాడు. 2014లో చెక్ రిపబ్లిక్‌కు చెందిన యాన్ కొపెట్స్కీ, 2015లో స్వీడన్‌కు చెందిన పొంటస్ టిడెమండ్ అదే జట్టు నుంచి విజేతలయ్యారు. 2016, 2017లో మళ్లీ గిల్. న్యూజిలాండ్‌లోని వంగారే అటవీ మార్గాలు, ఆస్ట్రేలియా కంకర రోడ్లు, జపాన్‌లోని హొక్కైడో, మలేషియాలోని జొహోర్ తోటలు, కర్ణాటకలోని చిక్కమగళూరు కాఫీ ఎస్టేట్లు... ఈ సీజన్లలో పోటీదారులు ఎదుర్కొన్న నేలలు ఒకదానికొకటి పోలిక లేనివి.

ఒక సీజన్‌ను గెలవడమంటే ఒక ర్యాలీలో వేగంగా నడపడం కాదు. మొదటి స్థానానికి 25 పాయింట్లు, రెండో స్థానానికి 18, మూడో స్థానానికి 15 లభించే పద్ధతిలో, ఒక్క పోటీలో కారు బోల్తా పడితే అప్పటి వరకు కూడబెట్టినదంతా కరిగిపోవచ్చు. కారును, విడి భాగాలను, టైర్లను ఓడల్లో దేశాలు దాటించాలి. నేలను బట్టి టైరు రబ్బరు మెత్తదనాన్ని ఎంచుకోవాలి. నెలల తరబడి జట్టును నిలబెట్టాలి. ఇది ఓర్పుతో, పెట్టుబడితో గెలిచే పోటీ. ఎంఆర్‌ఎఫ్ ఆరేళ్ల పరంపరను ఈ దృష్టితో చూడాలి.

గెలుపులో మన వాటా ఎంత?

అయితే ఆ విజయాన్ని విడగొట్టి చూస్తే ఒక వాస్తవం బయటపడుతుంది. గిల్ నడిపిన కారు చెక్ రిపబ్లిక్‌లో రూపొందిన స్కోడా. దాన్ని సిద్ధం చేసి, సీజన్ పొడవునా సంరక్షించినది ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి చెందిన రేస్ టార్క్ సంస్థ. పక్కన కూర్చుని నోట్స్ చదివిన కో-డ్రైవర్ గ్లెన్ మెక్‌నీల్ కూడా ఆస్ట్రేలియా వాసి. భారతదేశం నుంచి వెళ్లినవి డ్రైవర్ ప్రతిభ, టైరు, పెట్టుబడి. ఈ మూడూ తక్కువ విలువైనవి కావు. కానీ మెకానిక్కులు, ఇంజనీర్లు, కో-డ్రైవర్లు, స్టేజీ నిర్వాహకులు, భద్రతాధికారులు ఒక తరంగా తయారయ్యేది ఆటగాడు వెళ్లి గెలిచిన దేశంలో కాదు, ఆట జరిగే దేశంలో.

టైర్ల రంగంలో మాత్రం భారత్ ప్రయాణం అక్కడితో ఆగలేదు. 1946లో మద్రాసులో బొమ్మ బెలూన్ల తయారీతో మొదలైన ఎంఆర్‌ఎఫ్, ఆసియా–పసిఫిక్ తర్వాత ఐరోపా ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో అడుగుపెట్టింది. 2022 సీజన్‌లో స్పెయిన్‌కు చెందిన ఎఫ్రెన్ యరెనా ఆ జట్టు తరఫున ఐరోపా విజేతగా నిలిచాడు. డెబ్బై ఏళ్ల చరిత్ర ఉన్న పోటీలో ఒక భారతీయ టైరుపై ఆ టైటిల్ రావడం పారిశ్రామికంగా చెప్పుకోదగ్గ ఘట్టం. ఈ సంస్థకు తెలంగాణలోని సదాశివపేటలోనూ కర్మాగారం ఉంది. ర్యాలీ అనే మాట ఎన్నడూ విననివారికి కూడా ఈ పరిశ్రమ పరాయిది కాదని గుర్తుచేసే విషయమిది.

అంటే ఉత్పత్తి ఇక్కడ, ప్రదర్శన అక్కడ అన్న పరిస్థితి నెలకొంది. క్రికెట్‌లోనో, బ్యాడ్మింటన్‌లోనో ఈ తేడా పెద్దగా బాధించదు. మైదానం ఎక్కడైనా కట్టుకోవచ్చు. ర్యాలీకి మైదానాన్ని కట్టలేరు. ఊళ్ల మధ్య, తోటల మధ్య, అడవుల మధ్య ఇప్పటికే ఉన్న దారిని కొన్ని గంటల పాటు అరువు తెచ్చుకోవాలి. అరువు ఇవ్వవలసినవారు ఎవరు, ఏ షరతులతో ఇస్తారు అన్నదే అసలు విషయం.

చిక్కమగళూరు నేర్పినది

ఈ ప్రశ్నకు భారత్‌లో దొరికిన మెరుగైన సమాధానం చిక్కమగళూరు. గత దశాబ్దం మధ్య సంవత్సరాల్లో కాఫీ డే సంస్థ ప్రాయోజకత్వంతో ఆసియా–పసిఫిక్ పోటీలో భారత అంచె అక్కడ జరిగింది. స్టేజీల్లో ఎక్కువ భాగం కాఫీ ఎస్టేట్ల లోపలి దారులే. ఎస్టేటుకు గేటు ఉంటుంది, యజమాని ఉంటాడు, కూలీల రాకపోకలకు వేళలు ఉంటాయి. ఎవరు లోపల ఉన్నారో, ఎవరు బయట ఉన్నారో లెక్క తెలుస్తుంది. కిలోమీటర్ల కొద్దీ దారిని మూయడానికి కొద్దిమంది అనుమతి, కొన్ని గేట్ల మూసివేత చాలు. మలెనాడు ఎర్రమట్టి, వానకు జారే వాలు, ఇరువైపులా చెట్లు పోటీకి కావలసిన కఠినత్వాన్ని ఇచ్చాయి. నిర్వాహకులకు కావలసిన అదుపును ఎస్టేటు వ్యవస్థ ఇచ్చింది.

కానీ ఈ నమూనాకు పరిమితులు ఉన్నాయి. ప్రాయోజకుడు ఒక్కడే అయినప్పుడు ఆ సంస్థ కష్టాలు పోటీ కష్టాలవుతాయి. కాఫీ డే సంస్థ పెనురుణభారంలో చిక్కుకోవడం, 2019 జూలైలో దాని వ్యవస్థాపకుడు వి.జి. సిద్ధార్థ మరణం దేశమంతటికీ తెలిసిన విషాదం. ఒక ప్రాంతం, ఒక సంస్థ, ఒక వ్యక్తి ఆసక్తిపై నిలిచిన అంతర్జాతీయ పోటీ ఎంత కాలం నిలుస్తుందన్న సందేహాన్ని ఆ పరిణామాలు మిగిల్చాయి. పైగా జాతీయ ఛాంపియన్‌షిప్‌లోని ర్యాలీలన్నీ ఎస్టేట్లలో జరగవు. దేశంలోని ఎక్కువ దారులకు గేట్లు లేవు.

బాడ్‌మేర్ పాఠం

గేటు లేని దారి ఎంత ప్రమాదకరమో 2019 సెప్టెంబరు 21న రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లాలో తేలింది. జాతీయ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో భాగంగా జరుగుతున్న పోటీలో, మూసివేసిన స్టేజీలోకి ఒక కుటుంబం ప్రయాణిస్తున్న మోటార్ సైకిల్ వచ్చింది. గిల్ నడుపుతున్న కారు దాన్ని ఢీకొనడంతో ముగ్గురు మరణించారు. గిల్‌కూ గాయాలయ్యాయి. పోలీసులు కేసు నమోదు చేశారు, ర్యాలీ రద్దయింది. మోటార్ స్పోర్ట్స్ నుంచి అర్జున పురస్కారానికి ఎంపికైన తొలి క్రీడాకారుడిగా గిల్ పేరు మారుమోగి అప్పటికి కొన్ని వారాలే అయింది.

ఆ ఘటనలో చట్టపరమైన బాధ్యత ఎవరిదన్నది న్యాయ ప్రక్రియ తేల్చవలసిన విషయం. కానీ అది లేవనెత్తిన ప్రశ్న ఒక డ్రైవర్‌తోనో, ఒక నిర్వాహకుడితోనో ముగిసేది కాదు. నిర్వాహకుల దృష్టిలో ఆ రోజు ఆ దారి స్టేజీ. ఆ కుటుంబం దృష్టిలో అది ఎప్పుడూ నడిచే ఊరి దారి. ఒకే నేలకు ఈ రెండు అర్థాలు ఉన్నప్పుడు, మొదటి అర్థాన్ని రెండో వారికి చేరవేయడమే భద్రత. స్తంభానికి కట్టిన నోటీసు, అడ్డంగా లాగిన ప్లాస్టిక్ టేపు అందుకు చాలవు.

ఈ విషయంలో భారత్ ఒంటరి కాదు. 1986లో పోర్చుగల్ ర్యాలీలో ఒక కారు ప్రేక్షకులపైకి దూసుకువెళ్లి ముగ్గురు మరణించారు. అదే ఏడాది కోర్సికాలో ఫిన్లాండ్ డ్రైవర్ హెన్రీ టొయివోనెన్, ఆయన కో-డ్రైవర్ ప్రాణాలు కోల్పోయారు. ఫలితంగా గ్రూప్ బీ అనే అత్యంత వేగవంతమైన కార్ల తరగతినే ఎఫ్‌ఐఏ రద్దు చేసింది. 2003లో న్యూజిలాండ్‌లో, మూడుసార్లు ఆసియా–పసిఫిక్ విజేత అయిన పాసమ్ బోర్న్ ఒక కొండ పోటీకి ముందు దారిని పరిశీలిస్తుండగా ఎదురుగా వచ్చిన మరో పోటీదారు వాహనం ఢీకొని, కొద్ది రోజులకు మరణించాడు. అప్పుడు పోటీ ఇంకా మొదలు కాలేదు. దారి ఇంకా మూసుకోలేదు. ప్రతి మరణం తర్వాత నిబంధన ఒకటి పుట్టింది. నిబంధనల పుస్తకం మందం పెరిగిన కారణం ఇదే.

సఫారీ ఎలా తిరిగివచ్చింది?

దారిని మూయలేక ఆగిపోయి, మూయడం నేర్చుకుని తిరిగివచ్చిన పోటీకి ఉదాహరణ కెన్యాలోని సఫారీ ర్యాలీ. ఆ ర్యాలీతో భారతీయ సంతతికి గాఢమైన బంధం ఉంది. జోగీందర్ సింగ్ దాన్ని 1965, 1974, 1976లో మూడుసార్లు గెలిచాడు. శేఖర్ మెహతా ఐదుసార్లు గెలిచి రికార్డు నెలకొల్పాడు. ఆ కాలంలో సఫారీ మామూలు రహదారుల మీదనే సాగేది. ఎదురుగా లారీలు, పశువులు, పాదచారులు రావచ్చు. ప్రధాన జట్లు పైన హెలికాప్టర్‌ను ఎగురవేసి, ముందున్న అడ్డంకుల గురించి డ్రైవర్‌ను హెచ్చరించేవి. 2002 తర్వాత ఆ ర్యాలీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ నుంచి తప్పుకుంది.

పంతొమ్మిదేళ్ల తర్వాత, 2021లో, సఫారీ తిరిగి ప్రపంచ క్యాలెండర్‌లో చేరింది. కానీ అది పాత సఫారీ కాదు. నైవాషా పరిసరాల్లోని పశుక్షేత్రాలు, వన్యప్రాణి సంరక్షణ భూముల లోపలి దారులపై, మూసివేసిన స్టేజీలుగా దాన్ని తీర్చిదిద్దారు. పాత ర్యాలీలోని సువిశాల ప్రయాణం పోయింది. దారి మీద అనుకోని మనిషి ఎదురయ్యే భయం తగ్గింది. హైదరాబాద్‌కు చెందిన నవీన్ పుల్లిగిల్ల, కేరళకు చెందిన కో-డ్రైవర్ మూసా షరీఫ్ జోడీ ఇటీవలి సంవత్సరాల్లో పోటీపడినది ఈ కొత్త సఫారీలోనే. ఒక తెలుగు డ్రైవర్ అంతర్జాతీయ అనుభవం కోసం తూర్పు ఆఫ్రికా దాకా వెళ్లవలసి వచ్చిందన్నది గర్వకారణమూ, ఆలోచించవలసిన విషయమూ.

తెలుగు నేల మీద సాధ్యమేనా?

చిక్కమగళూరు కాఫీ తోటలను చూసినవారికి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు కాఫీ తోటలు గుర్తుకు రావడం సహజం. మలుపులు ఉన్నాయి, ఎత్తులు ఉన్నాయి, ఎర్రమట్టి ఉంది. కానీ పోలిక అక్కడితో ఆగిపోతుంది. చిక్కమగళూరులో పెద్ద ఎస్టేట్లు, కొద్దిమంది యజమానులు. అరకులో కాఫీ పండించేది చిన్న చిన్న కమతాలున్న ఆదివాసీ రైతులు. అక్కడి దారి ఎస్టేటు లోపలి దారి కాదు. సంతకూ, ఆస్పత్రికీ, బడికీ వెళ్లే ఏకైక దారి. దాన్ని మూసివేస్తే మూసుకునేది ఒక తోట గేటు కాదు, ఒక ఊరి రోజు.

చట్టం కూడా ఈ తేడాను గుర్తిస్తుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 189వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక సమ్మతి లేకుండా బహిరంగ ప్రదేశంలో వాహనాల వేగ పోటీ నిర్వహించడం గానీ, అందులో పాల్గొనడం గానీ నేరం. 2019 సవరణ తర్వాత తొలి నేరానికి మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అంటే ప్రతి ర్యాలీ వెనుక ప్రభుత్వపు సంతకం ఉండి తీరాలి. అటవీ భూమి అయితే అటవీ శాఖ అనుమతి అదనం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభల పాత్రను 1996 నాటి పీసా చట్టం, అడవి మీద నివాసుల హక్కులను 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించాయి. కాగితం మీద సమ్మతి మార్గాలు ఉన్నాయి. అవి ఒక్క కలెక్టరేట్‌లో ఒక్క రోజులో ముగిసేవి కావు, ముగియకూడదు కూడా.

నగరంలో ఈ సమస్య మరో రూపంలో ఎదురైంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ తీరాన 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్‌పై ఫార్ములా ఈ పోటీ జరిగింది. ఫ్రాన్స్‌కు చెందిన జీన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. దేశంలో ఎఫ్‌ఐఏ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఒకటి నగర వీధుల్లో జరగడం విశేషమే. కానీ సన్నాహాల రోజుల్లో ట్రాఫిక్ మళ్లింపులతో నగరవాసులు ఇబ్బంది పడ్డారు. ప్రభుత్వం మారిన తర్వాత 2024 పోటీ రద్దయింది. చెల్లింపుల వ్యవహారం రాజకీయ, న్యాయ వివాదంగా మారింది. ఆ వివాదంలో ఎవరి వాదన నిలుస్తుందన్నది వేరే విషయం. క్రీడ దృష్టితో చూస్తే ఒక సంగతి స్పష్టం: ఒక ప్రభుత్వ ఆసక్తి మీద మాత్రమే ఆధారపడిన పోటీ, ఆ ప్రభుత్వంతోనే వెళ్లిపోతుంది. ఒక సంస్థ ఆసక్తి మీద ఆధారపడిన చిక్కమగళూరు నేర్పిన పాఠమూ ఇదే.

అండమాన్ రహదారి చెప్పే మాట

దారి ఎవరిది అన్న ప్రశ్నకు దేశంలో అత్యంత తీవ్రమైన రూపం మళ్లీ మొదట ప్రస్తావించిన ద్వీపాల్లోనే కనిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. దక్షిణ అండమాన్ నుంచి ఉత్తరాన దిగ్లీపూర్ వైపు రోడ్డు మార్గంలో వెళ్లే ఎవరైనా అండమాన్ ట్రంక్ రోడ్డు ఎక్కవలసిందే. జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు దాదాపు 50 కిలోమీటర్ల మేర ఆ రోడ్డు జరావా ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా సాగుతుంది.

అక్కడ వాహనాలు నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గా, పోలీసు పర్యవేక్షణలో కదలాలి. వేగానికి పరిమితి ఉంది. మధ్యలో ఆగడం, ఫొటోలు తీయడం, జరావాలకు ఏదైనా ఇవ్వడం నిషిద్ధం. కొన్ని వందల మంది మాత్రమే ఉన్న ఒక జాతి మనుగడ కోసం, రక్షిత ప్రాంతంలో ఆ రోడ్డు భాగాలను మూసివేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. రోడ్డు మాత్రం నేటికీ నడుస్తూనే ఉంది. పర్యాటకులు జరావా మహిళల చేత నృత్యం చేయించిన వీడియో 2012లో వెలుగులోకి వచ్చి దేశాన్ని సిగ్గుపడేలా చేసింది. 2017లో బారాటాంగ్‌కు ప్రత్యామ్నాయ జలమార్గం అందుబాటులోకి వచ్చింది.

ఆ దారిపై ర్యాలీని ఎవరూ ఊహించరు, ఊహించకూడదు. అయినా ర్యాలీ నిర్వాహకులకు దానిలో ఒక సూత్రం ఉంది. అడవిలోని ప్రతి దారీ ఖాళీ దారి కాదు. బయటివారికి నిర్జనంగా కనిపించే చోట ఎవరో నివసిస్తుంటారు, ఏదో ఒక వేళకు ఆ దారి దాటుతుంటారు. వారి రాకపోకలను ముందు లెక్కించి, ఆ తర్వాతే బయటివారి ప్రయాణాన్ని కుదించాలి. అండమాన్‌లో ఈ సూత్రాన్ని అమలు చేయడానికి న్యాయస్థానం, పోలీసు, పరిపాలన మొత్తం కావలసివచ్చింది. ర్యాలీ స్టేజీకి కావలసినది దాని చిన్న రూపం: కొన్ని గంటల పాటు, కొన్ని కిలోమీటర్ల మేర, అదే క్రమశిక్షణ.

వచ్చే సీజన్లకు ముందు...

ఎఫ్‌ఐఏ భద్రతా మార్గదర్శకాలు ఇప్పటికే ఉన్నాయి. పోటీ కార్ల కంటే ముందు దారి ఖాళీగా ఉందో లేదో చూసే కోర్సు కార్లు, చివర వచ్చే స్వీప్ కారు, నిర్ణీత దూరాల్లో రేడియోలతో మార్షల్స్, స్టేజీ మొదట్లో అంబులెన్సు, అవసరమైతే పోటీని ఆపే ఎర్రజెండా... ఇవన్నీ నియమావళిలో ఉన్నవే. లోటు వాటికి ముందరి దశలో ఉంది. స్టేజీకి ఆనుకుని ఉన్న ప్రతి ఇంటికీ, స్టేజీలోకి కలిసే ప్రతి కాలిబాటకూ లెక్క ఉండాలి. పోటీకి వారాల ముందు పంచాయతీలో, స్థానిక భాషలో, ఏ రోజు ఏ గంట నుంచి ఏ గంట వరకు దారి ఉండదో చెప్పాలి. ఆ వేళల్లో రోగికి, గర్భిణికి దారి ఎలా దొరుకుతుందో ముందే తేల్చాలి. కాలిబాట కలిసే ప్రతి చోటా ఆ ఊరివారే ఒకరు మార్షల్‌గా నిలబడాలి. ఊరిని తెలిసిన మనిషి ఆపగలిగినట్టు నగరం నుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకుడు ఆపలేడు.

దేశంలో ఈ క్రీడను పర్యవేక్షించే మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ కేంద్రం కూడా చెన్నైయే. టైరు పరిశ్రమ కేంద్రమూ, క్రీడా పాలన కేంద్రమూ ఒకే నగరంలో ఉండటం ఒక సదుపాయం. కానీ దారి రాష్ట్రాలది, జిల్లాలది, ఊళ్లది. అనుమతి ఎవరు ఇవ్వాలి, ప్రమాదం జరిగితే బాధితులకు పరిహారం ఎంత కాలంలో అందాలి, బీమా ఎవరు చెల్లించాలి అన్న అంశాలు ప్రతి ర్యాలీకీ కొత్తగా మొదలుకాకుండా, రాష్ట్రాలన్నీ అనుసరించగల ఒకే విధానంగా రూపొందడం అవసరం. 189వ సెక్షన్ సమ్మతి ఇవ్వడం గురించి చెబుతుంది. సమ్మతికి ముందు ఏమేమి సరిచూడాలన్నది ప్రభుత్వాలు రాసుకోవలసిన భాగం.

ఇలా చేస్తే పోటీల సంఖ్య మొదట తగ్గవచ్చు. కొన్ని అందమైన స్టేజీలు జాబితా నుంచి తొలగవచ్చు. గ్రామసభ వద్దన్న చోట వెనక్కి తగ్గవలసి రావచ్చు. సఫారీ కూడా తన పాత దారుల్లో చాలా భాగాన్ని వదులుకున్న తర్వాతే తిరిగి నిలబడింది. అలా నిలబడినందువల్లే ఇప్పుడు కెన్యా యువకులు తమ ఊరి పరిసరాల్లోనే ప్రపంచ స్థాయి కార్లను చూసి, అదే స్టేజీలపై పోటీపడగలుగుతున్నారు. స్వదేశంలో పోటీ స్థిరంగా జరిగితే కో-డ్రైవర్ కోసం పెర్త్ వైపు, అనుభవం కోసం నైవాషా వైపు చూడవలసిన అవసరం క్రమంగా తగ్గుతుంది.

గౌరవ్ గిల్ మూడు టైటిళ్లు, ఎంఆర్‌ఎఫ్ ఆరేళ్ల పరంపర, ఐరోపాలో భారతీయ టైరు విజయం... ఇవి ఎవరూ చెరపలేని రికార్డులు. బాడ్‌మేర్‌లో పోయిన మూడు ప్రాణాలు కూడా ఈ క్రీడ చరిత్రలోని భాగమే. ఏ సీజన్‌లోనైనా భారత అంచె క్యాలెండర్‌లోకి ఎక్కే ముందు, అడగవలసిన మొదటి ప్రశ్న కారు గురించి కాదు, డ్రైవర్ గురించి కాదు. ఆ రోజు ఆ దారిలో నడవవలసినవారికి, ఆ దారి తమది కాదని ఎవరు చెప్పారు, వారు సరేనన్నారా అన్నదే ఆ ప్రశ్న.